రెండు కోడిగుడ్ల యూనివర్సిటీ

ఒమాన్‌లో, అల్ మవాలే లేబర్ క్యాంపులో మా రూమ్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. అందులో యూనివర్సిటీ చూసినవాణ్ని నేనొక్కడినే. మిగతా ఏడుగురూ కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి కూలి పనికి వచ్చినవాళ్లు. ఎవరికి ఉత్తరం వచ్చినా చదివించుకోవడానికి నా మంచం దగ్గరికే రావాలి. నేను కంపెనీ బస్సు నడిపేవాణ్ని. పొద్దున్నే మనుషులను ఖురం సైట్‌లో దింపి సాయంత్రం తిరిగి తేవడం నా డ్యూటీ. డ్రైవర్‌నే అయినా అందరూ నన్ను 'సారూ' అనేవాళ్లు. కొత్తగా వచ్చినవాడెవడైనా తెలియక 'అన్నా' అంటే వినపడనట్టు ఊరుకునేవాణ్ని. రెండోసారి వాడే దిద్దుకునేవాడు.

ఎనభైల చివరి సంవత్సరాలవి. శుక్రవారం సెలవు. క్యాంపు వెనక ఎండిపోయిన వాగు ఒడ్డున రాళ్లు ఏరేసి, సైట్ నుంచి తెచ్చిన మెత్తటి ఇసుక పోసి మావాళ్లు కబడ్డీ కోర్టు చేసుకున్నారు. నేను ఆడేవాణ్ని కాదు. మెడలో విజిల్ వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కాలు చాపుకుని తీర్పులు చెప్పేవాణ్ని. తీర్పులకంటే తిట్లే ఎక్కువ ఉండేవి. నలభై దాటిన తాపీ మేస్త్రీ ఒకాయన ఊపిరాడక గీత మీదే కూలబడితే, "కూత పెడుతున్నవా, కూలవడుతున్నవా? నీకు ఆట ఎందుకు, పొయ్యి సిమెంటు కలుపుకో" అన్నాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. యూనివర్సిటీకి ఆడినవాడు తిడితే అది కోచింగ్ కిందికే వస్తుందని వాళ్లు అనుకున్నారు.

నా ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. స్కూటర్ మీద నుంచి పడ్డానని చెప్పాను. ఎవరూ అనుమానించలేదు.

ఏ యూనివర్సిటీ అని అడగకండి. సర్కారుదే. దాని భవనాలకంటే ముందు నేను దాని జీపును చూశాను. మా ఊరి జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆ జీపు, దాని వెనక ఒక వ్యానూ వచ్చి గ్రౌండ్‌లో ఆగాయి. పన్నెండు మంది దిగారు. అందరికీ మెరూన్ రంగు బ్లేజర్లు, జేబు మీద బంగారు దారంతో ముద్ర. ఆ ఎండలో బ్లేజర్లు ఎందుకు వేసుకున్నారని మాలో ఒక్కడికీ తోచలేదు. వాళ్లు బ్లేజర్లు విప్పి, మడిచి, మా కాలేజీ టీమును చిత్తుగా ఓడించి, మళ్లీ బ్లేజర్లు వేసుకున్నారు. నేను ఒక్కణ్నే వాళ్లలో ముగ్గురిని తాకి వెనక్కి వచ్చాను. ఆట అయ్యాక ఫిజికల్ డైరెక్టర్ నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినపడేలా మాట్లాడాడు.

"మీ ఊళ్ల మీకెవరు పెడతరు బిడ్డా, రోజుకు రెండు గుడ్లు, అర్ధలీటరు పాలు? మా యూనివర్సిటీల ఆడేటోనికి ఆకలుండది. ఆడేటోనికి ఫీజుండది. నౌకరి వాడింటికే నడిసొస్తది."

మా ఇంట్లో గుడ్డు అంటే జ్వరం వచ్చి తగ్గినవాడికి పెట్టేది. నేను స్పోర్ట్స్ కోటాలో చేరాను. అక్కడ ఏం చదువు చెబుతారో నేను అడగలేదు, మా ఇంట్లోవాళ్లూ అడగలేదు. బి.ఏ.నా, బి.కామా అన్నది కూడా ఫారం నింపిన క్లర్కే తేల్చాడు. గుడ్లు మాత్రం నిజంగానే పెట్టారు. మెస్ తలుపు మీద ఆటగాళ్ల పేర్ల జాబితా అంటించి ఉండేది. అందులో పేరున్నవాడి కంచంలో రెండు గుడ్లు పడేవి. లేనివాడు మా కంచాల వైపు చూస్తూ చారన్నం తినేవాడు. వాళ్లను చూస్తే నాకు జాలి కలిగేది కాదు, సరదాగా ఉండేది.

మరుసటి ఏడు నాకూ బ్లేజర్ వచ్చింది. నేనూ ఆ వ్యాన్ ఎక్కి జిల్లాలు తిరిగాను. జూనియర్ కాలేజీల్లో దిగడం, ఆడడం, పక్కన నిలబడి డైరెక్టర్ చెప్పే రెండు గుడ్ల మాటకు తల ఊపడం. పేపర్లో ఫొటో వస్తే మా యూనివర్సిటీకి దరఖాస్తులు పెరుగుతాయని ఆయన వ్యాన్‌లో బాహాటంగానే అనేవాడు. లైబ్రరీని చూసి ఏ పల్లెటూరి పిల్లవాడూ రాడు కదా. గాలానికి గుచ్చిన ఎరను నేనని అప్పుడే తెలుసు. తెలిసీ గర్వంగానే ఉండేది.

పెద్ద పోటీలకు నెల ముందు, మామూలు ప్రాక్టీసులో నా మోకాలు పోయింది. ఇద్దరు నడుము పట్టారు, ఒకడు చీలమండ పట్టాడు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. డైరెక్టర్ వచ్చి చూసి, "ఐస్ పెట్టుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు. నాలుగో రోజు కుంటుకుంటూ మెస్‌కు వెళితే తలుపు మీది జాబితాలో నా పేరు మీద ఎర్ర గీత ఉంది. "నీ పేరు లేదు తమ్మీ" అన్నాడు వడ్డించేవాడు, నిన్నటిదాకా నాకు మూడో గుడ్డు దాచిపెట్టినవాడు. మూడో వారం స్పోర్ట్స్ హాస్టల్‌లో నా మంచం ఒక కొత్త కుర్రాడికి ఇచ్చారు. వాణ్ని వ్యాన్‌లో తిరిగి పట్టుకొచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. వాడే నా ట్రంకు పెట్టె గేటు దాకా మోసి, "మంచిగ చూసుకో అన్నా" అన్నాడు. పరీక్షలు తప్పాను. డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఒమాన్ వచ్చి మూడో ప్రయత్నంలో ఇక్కడి లైసెన్సు సంపాదించాను. క్లచ్ తొక్కేది ఆ ఎడమకాలితోనే.

ఇవన్నీ రూమ్‌లో ఎవరికీ చెప్పలేదు. బ్లేజర్ వరకే చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకు ఏడుగురు లోకువ దొరికారు.

ఆ ఏడుగురిలో ఒకడు స్టీల్ ఫిక్సర్. స్లాబు పోసే ముందు ఇనుప చువ్వలు పరిచి, తీగతో ముడి వేసే పని. ఒమాన్ వచ్చి అప్పటికే పన్నెండేళ్లు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. అరచేతుల గీతల్లో తుప్పు దిగిపోయి, ఎంత సబ్బు పెట్టినా వదిలేది కాదు. తండ్రి పోయేనాటికి తమ్ముడు మూడేళ్లవాడు. ఆ తమ్ముణ్ని కొడుకులా పెంచాడు, అంటే ఇక్కడి నుంచే పెంచాడు. అతను మాట్లాడేది తక్కువ, మాట్లాడితే తమ్ముడి గురించే.

"వాడు ఇనుము వట్టద్దు సారూ. ఇనుము వట్టుడు నాతోనే ఖలాస్ గావాలె" అనేవాడు.

ఒక గురువారం ఆఫీసు నుంచి ఉత్తరాలు తెచ్చాను. వాటిలో ఆ తమ్ముడిదీ ఒకటి ఉంది. ఇంటర్ పాసయ్యాడు. నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ సీటు వచ్చింది, మూడేళ్లు చదివితే చేతికి పని వస్తుంది. కానీ జిల్లా పోటీల్లో అతని కబడ్డీ చూసి మా యూనివర్సిటీ ఫిజికల్ డైరెక్టరే మాట్లాడాడట. స్పోర్ట్స్ కోటాలో సీటు, హాస్టల్, రోజుకు రెండు గుడ్లు. కాలేజీ లెక్చరరేమో పాలిటెక్నిక్ వదలొద్దంటున్నాడు. 'అన్నా, నువ్వు ఎట్ల చెప్తే అట్ల చేస్త' అని రాశాడు. ఆ గుడ్ల మాట అక్షరం మారలేదు.

స్టీల్ ఫిక్సర్ ఉత్తరం వెనక్కి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ లెక్చరర్ సారు యూనివర్సిటీకి ఆడిండా ఏంది? నువ్వు ఆడినవు. నువ్వే జెప్పు సారూ. క్యాసెట్ల జెప్పు, వాడే ఇంటడు" అన్నాడు.

అప్పట్లో మావాళ్లు ముఖ్యమైన సంగతులు ఉత్తరంలో రాయించేవాళ్లు కాదు, క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్లు. సెలవు మీద వెళ్లేవాడి సంచిలో ఎప్పుడూ నాలుగైదు క్యాసెట్లు ఉండేవి. అక్కడ తల్లి, భార్య, ఇరుగుపొరుగు టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లు. ఉత్తరమైతే చదివినవాడిని మళ్లీ అడగవచ్చు. క్యాసెట్‌ను ఎదురు అడగడానికి వీలుండదు. తిరుగు జవాబు వచ్చేసరికి నెల పడుతుంది. అందువల్ల క్యాసెట్‌లో గల్ఫ్ మనిషి ఏమంటే ఇంట్లో అదే తీర్పు.

శుక్రవారం మధ్యాహ్నం రికార్డింగ్ పెట్టుకున్నాం. కిటికీ ఏసీ మోత క్యాసెట్‌లోకి ఎక్కుతుందని దాన్ని ఆపేశారు. ఎనిమిది మందిమి బనియన్లు తడిసిపోయి, టూ ఇన్ వన్ చుట్టూ కూర్చున్నాం. ముందు అతను మాట్లాడాడు. "అవ్వా, నేను మంచిగున్న. మీరు మంచిగున్నరని తలుస్త. తమ్మీ, సారు మాట్లాడుతడు, చెవు వెట్టి ఇను" అని రికార్డర్ నా వైపు జరిపాడు.

నేను నా పేరు చెప్పి మాట్లాడాను. నాకే ఆశ్చర్యం, ఎక్కడా తడబడలేదు. ఆ డైరెక్టర్ గొంతే నా గొంతులోకి వచ్చింది. గుడ్లు, పాలు, బ్లేజర్, మార్చ్‌పాస్ట్‌లో బ్యాండు, రైల్లో రిజర్వేషన్ బోగీ, ఎదురొచ్చి దండలు వేసే మనుషులు. పాలిటెక్నిక్ చదివినవాడు వర్క్‌షాపులో నూనె పూసుకుంటాడనీ, యూనివర్సిటీకి ఆడినవాణ్ని రైల్వేవాళ్లు పిలిచి కుర్చీ వేస్తారనీ చెప్పాను. మావాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. ఇంత చెప్పేవాడు బస్సు ఎందుకు నడుపుతున్నాడని ఒక్కడూ అడగలేదు.

క్యాసెట్ తిరుగుతుండగానే స్టీల్ ఫిక్సర్ ముందుకు వంగాడు. నా కాలి వైపు చూశాడు. "ఆటల కాలో చెయ్యో ఇరిగితే యూనివర్సిటోళ్లు చూస్కుంటరా సారూ?" అని అడిగాడు.

నిజం చెప్పడానికి నాకు దొరికిన సమయం అది. ఒక్క 'చూసుకోరు' అనే మాట చాలు. కానీ అది చెబితే స్కూటర్ కథ పోతుంది, సారూ పోతుంది, శుక్రవారం కుర్చీ పోతుంది. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఇన్నేళ్లూ ఎవరితోనూ అనలేదు. ఎవడో ముక్కూ మొహం తెలియని కుర్రవాడు హాయిగా పాలిటెక్నిక్ చదివి, చల్లగా బతికిపోతాడంటే నాకు కడుపు మండింది. నేను పడ్డ గుంతలో వాడు పడకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు.

"చూస్కుంటరు. సర్కారు యూనివర్సిటీ అంటే ఏమనుకున్నవ్? పెద్ద డాక్టర్లను పిలిపిస్తరు" అన్నాను.

అతను తృప్తిగా వెనక్కి జరిగాడు. క్యాసెట్ ఆ వారమే వెళ్లింది. తమ్ముడు పాలిటెక్నిక్ సీటు వదిలి యూనివర్సిటీలో చేరాడు.

ఆ తరవాత ఏడాదిన్నర పాటు నా దర్జాకు అంతు లేదు. బ్లేజర్ వేసుకున్న ఫొటో వచ్చింది. స్టీల్ ఫిక్సర్ దాన్ని తన మంచం దగ్గర రాజన్న దేవుడి పటం పక్కన అంటించాడు. తమ్ముడి ఉత్తరాల్లో గుడ్ల సంగతి, రైలు సంగతి, జీపు వెంట వ్యాన్‌లో జిల్లాలు తిరుగుతున్న సంగతి ఉండేవి. 'సారుకు నా దండాలు చెప్పు' అని చివర తప్పకుండా ఉండేది. రూమ్‌లో నా వంతు వంట మానిపించారు. ఆ ఉత్తరాలు చదువుతున్నప్పుడు మాత్రం ఒకరి విస్తట్లో అన్నం చూస్తున్నట్టు ఉండేది. వాడి పేరు ఇంకా మెస్ తలుపు మీద ఉందన్నమాట అనుకునేవాణ్ని.

తరవాత ఆ ఉత్తరం వచ్చింది. శుక్రవారం, వంట కాకముందు. అలవాటు ప్రకారం ముందు మనసులో ఒకసారి చదువుకున్నాను. చేతిరాత వంకరగా ఉంది, పడుకుని రాసినట్టు.

'అన్నా, ఎడమ మోకాలు తిరిగిపోయింది. డాక్టరు నెల లోపల ఆపరేషన్ చేస్తే ఆడకున్నా మంచిగ నడుస్తవన్నడు. ఆలస్యమైతే కుంటుడేనట. యూనివర్సిటీ తరఫున చేయించరట. మెస్‌ల నా పేరు కొట్టేసిన్రు. దెబ్బ తాకితే చూస్కుంటరని సారు క్యాసెట్‌ల చెప్పిండు గద, ఎవరిని అడగాల్నో సారును అడిగి జల్ది రాయి. లేకుంటే నువ్వే ఏదన్న చెయ్యి.'

"ఏం రాసిండు సారూ?" అన్నాడు స్టీల్ ఫిక్సర్, ఉల్లిగడ్డ కోస్తూ.

అతను ఆ మాట వింటే ఆ పూటే ఏదో ఒకటి చేసేవాడు. ఉన్నదంతా ఊడ్చి పంపేవాడు, లేకపోతే విమానం ఎక్కేవాడు. అది నాకు తెలుసు. అతను తరవాత నా వైపు తిరిగి ఏమడుగుతాడో అదీ తెలుసు.

"మోకాలు జర బెణికిందట. ఐస్ పెడుతున్నరట. వారం రోజులల్ల మల్ల ఆడుతడట" అని చదివాను.

అతను నవ్వాడు. ఉల్లిగడ్డ నీళ్లు మోచేత్తో తుడుచుకుని, జవాబు రాయమన్నాడు. "ఆటగానికి దెబ్బలు మామూలే, బుగులు వడకు. సారు చెప్పిండు గద, వాళ్లే చూస్కుంటరు. గుడ్లు మంచిగ తిను. ఆట ఇడువకు." అతను చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా రాశాను. వచ్చిన ఉత్తరం మార్చినవాణ్ని, వెళ్లే ఉత్తరం మాత్రం ఒక్క మాట కూడా మార్చలేదు. శనివారం ఆఫీసుకు తీసుకెళ్లి నా చేత్తోనే పోస్టులో వేశాను.

రెండో ఉత్తరంలో 'అన్నా, నీ జవాబు నాకు సమజ్ కాలేదు, నేను రాసింది చదివినవా?' అని ఉంది. నేను దాని బదులు ఒక మ్యాచ్ చదివాను. కుర్రవాడు కూతకు వెళ్లి, ఒకే ఊపిరితో ముగ్గురిని తాకి గీత దాటాడని, జనం లేచి చప్పట్లు కొట్టారని చదివాను. అది నా మ్యాచే. నా ఊరి గ్రౌండ్‌లో, పదిహేడేళ్లప్పుడు నేను ఆడింది. రూమ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. స్టీల్ ఫిక్సర్ కళ్లు తుడుచుకున్నాడు. సిగ్గు పడాల్సిన చోట నాకు సంతోషం కలిగింది. ఆ చప్పట్లు నాకే కదా అనుకున్నాను.

మూడో ఉత్తరం నాలుగు వాక్యాలే. నెల దాటిపోయింది, ఊరికి వచ్చేశాను, అవ్వ పసరు కట్టు కట్టిస్తున్నది, నీకు కోపమొచ్చిందేమో అన్నా. దానికీ ఒక మ్యాచ్ చదివాను.

సంగతి బస్సులో బయటపడింది. స్టీల్ ఫిక్సర్ వాళ్ల పక్క ఊరివాడు ఒకడు సెలవు మీద వెళ్లి వచ్చాడు. మర్నాడు పొద్దున డ్యూటీకి అందరితో పాటు ఎక్కాడు. నేను మవాలే దాటి హైవే ఎక్కుతున్నాను. వెనక సీట్లో నుంచి అతని మాట స్పష్టంగా వినపడింది.

"నీ తమ్ముడు కట్టె వట్టుకొని నడుస్తున్నడు గదనే. ఆపరేషన్ టయిముకు ఎందుకు చేయియ్యకపోతివి? ఊళ్లె అందరు నిన్నే అంటున్నరు."

అద్దంలో చూశాను. స్టీల్ ఫిక్సర్ నోరు తెరిచి అతని వైపే చూస్తున్నాడు. తరవాత తల తిప్పి అద్దంలోకి, సరిగ్గా నా కళ్లలోకి చూశాడు. ఖురం దాకా అలాగే చూశాడు. నేను ఒక సిగ్నల్ దగ్గర రెండుసార్లు బండి ఆపేసుకున్నాను, క్లచ్ మీద కాలు నిలవలేదు.

పక్క ఊరివాడు తమ్ముడి క్యాసెట్ ఒకటి తెచ్చాడు. ఆ సాయంత్రం డ్యూటీ దిగాక రూమ్‌లో పెట్టారు. ఏసీ ఆపారు. నేను లేచి బయటికి పోబోతే, "కూసో సారూ" అన్నాడు స్టీల్ ఫిక్సర్. కూర్చున్నాను. తమ్ముడి గొంతు నేను వినడం అదే మొదటిసారి. నేను అనుకున్నదానికంటే చిన్నపిల్లవాడి గొంతు.

"అన్నా, నేనొకటి రాస్తే నువ్వొకటి రాస్తివి. మూడు ఉత్తరాలు రాసిన. గుడ్లు తినుమంటివి. నువ్వు అట్ల రాసేటోనివి గాదు. చదివేటాయన చదివిండో లేదో నాకు తెల్వది. యూనివర్సిటీల డైరెక్టర్ సారును అడుగ వొయిన. మీ దిక్కువాడే, నీ లెక్కనే ఎడమ మోకాలు పోయినోడు మునుపు ఒకడుండె, వాడేం లొల్లి చెయ్యలే, సప్పుడు జెయ్యకుండ పోయిండు, నువ్వెందుకు చేస్తవన్నడు. పేరు చెప్పిండు. గా పేరు మన సారుదే గదనే అన్నా?"

క్యాసెట్ తరవాత కూడా ఇంకేదో చెప్పింది, అవ్వ మాట్లాడింది, నాకు గుర్తులేదు. ఎవరో ఒకరు నన్ను కొడతారని కూర్చున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఎవరూ కదలలేదు. చివరికి తాపీ మేస్త్రీ, నేను శుక్రవారాలు తిట్టే ఆయనే, "ఏసీ ఎయ్యుండ్రి, ఉడుకవోస్తుంది" అన్నాడు. ఒకడు లేచి ఏసీ వేశాడు. బియ్యం కడగడానికి ఇద్దరు వెళ్లారు. కాసేపటికి నా కంచంలోకీ అన్నం వచ్చింది, ఎవరు పెట్టారో తల ఎత్తి చూడలేదు.

ఆ తరవాత నాకు ఉత్తరం ఎవరూ తేలేదు. మా రూమ్‌వాళ్లు శుక్రవారం పొద్దున్నే రెండు కిలోమీటర్లు నడిచి, ఇంకో క్యాంపులో ఉన్న కోస్తా వంటవాడితో చదివించుకుని వచ్చేవాళ్లు. కబడ్డీ ఆడుకున్నారు, కుర్చీ వేయలేదు. విజిల్ అడగలేదు కూడా, నోటితోనే తప్పులు చెప్పుకున్నారు. బస్సు మాత్రం నాదే ఎక్కాలి కదా, రోజూ ఎక్కేవాళ్లు. స్టీల్ ఫిక్సర్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏడాది పైనే గడిచింది. ఫొటో గోడ మీద నుంచి తీయలేదు. నా మంచం దానికి ఎదురుగానే ఉండేది.

రూమ్ మార్చమని అడగవచ్చు. అడగలేదు. ధైర్యమని కాదు. మారితే కొత్త రూమ్‌వాళ్లు ఎందుకు మారావని అడుగుతారు.

ఒకరోజు క్యాంపులో అనుకుంటుంటే విన్నాను. స్టీల్ ఫిక్సర్ ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడి తమ్ముడికి వీసా తీయించాడట. హెల్పర్ పని. పాలిటెక్నిక్‌లో ఆ సీటు ఎప్పుడో వేరేవాడికి పోయింది. డిగ్రీ సగంలో ఆగిపోయింది. కుంటివాడికి ఊళ్లో కూలి ఎవరూ ఇవ్వడం లేదు. ఇక్కడైతే కూర్చుని చువ్వలు వంచే పని అన్న పక్కనే ఇస్తామన్నారు. ఆ కుర్రవాడు వచ్చే రోజు నాకు ముందే తెలుసు, విమానాశ్రయానికి కంపెనీ పికప్‌లో వేరే డ్రైవర్ వెళ్లాడు. ఆ రాత్రి కుర్రవాడు పక్క రూమ్‌లో పడుకున్నాడు. వాడు నన్ను ఏమని తిడతాడో నేనే రకరకాలుగా తయారుచేసుకుని, ప్రతిదానికీ ఒక జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

పొద్దున అయిదింటికి బస్సు పెట్టాను. మనుషులు వరుసగా ఎక్కుతున్నారు. అన్నాతమ్ముళ్లు చివర వచ్చారు. ఫొటోలోని మొహమే, ఒళ్లు సగమైంది. కంపెనీ ఇచ్చిన కొత్త నీలం బట్టలు వదులుగా వేలాడుతున్నాయి. మా బస్సు మొదటి మెట్టు ఎత్తు. అతను ఎడమ కాలు మెట్టు మీద పెట్టి లేవబోయాడు. మోకాలు మడత పడింది. అన్న వెనకనుంచి పట్టుకోకపోతే పడేవాడు. రెండోసారీ అదే కాలు పెట్టాడు, మళ్లీ జారింది. లోపల నలభై మంది చూస్తున్నారు. బయట ఇంకో బస్సు హారన్ కొడుతోంది.

స్టీల్ ఫిక్సర్ డ్రైవర్ సీటు వైపు చూశాడు. ఏడాది తరవాత నాతో మాట్లాడాడు. గొంతులో కోపం లేదు. దారి అడిగినట్టు అడిగాడు.

"సారూ, నువ్వెట్ల ఎక్కుతవో జర వానికి జూపియ్యి. నీకైతే ఎరుకే గద."

సిద్ధం చేసుకున్న జవాబుల్లో దీనికి ఒకటీ లేదు. దిగి, బస్సు ముందునుంచి తిరిగి వచ్చి, ఆ తలుపు దగ్గర నిలబడ్డాను. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందర వెట్టాలె. కడ్డీ వట్టుకో. దీన్ని ఎనుక గుంజుకో" అని చెప్పి, కుడి కాలు మెట్టు మీద పెట్టి, ఎడమకాలిని లాక్కుని ఎక్కి చూపించాను. "దిగేటప్పుడు ఉల్టా. చెడ్డ కాలు ముందర." అలాగే దిగాను. స్కూటర్ మీద నుంచి పడ్డవాడి నడక కాదది, మోకాలు లేనివాడి నడక. కిటికీల్లోంచి అందరూ చూశారు. మళ్లీ ఒకసారి చూపించమన్నాడు స్టీల్ ఫిక్సర్. మళ్లీ ఎక్కి దిగాను.

కుర్రవాడు శ్రద్ధగా చూశాడు. తరవాత కుడి కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, ఎడమకాలిని గుంజుకుని ఎక్కాడు. పై మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగాడు. తిడతాడనుకున్నాను. అతని మొహంలో తిట్టు ఏదీ లేదు, నా క్యాసెట్ విన్న రోజు కూడా ఇలాగే విని ఉంటాడు.

"ఇది ఎన్నడన్న తగ్గుతదా సారూ?" అని అడిగాడు.

అన్న కూడా నా నోటి వైపే చూస్తున్నాడు.

"తగ్గది" అన్నాను.

కుర్రవాడు తల ఊపి, లోపలికి వెళ్లి, అన్న ఇచ్చిన కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు.